కెమెరా వచ్చేదాకా ఆగిన ముఖం: డియాన్ బ్రాండ్ కవిత్వం, సినిమా

కెనడా కవి డియాన్ బ్రాండ్ రాసిన ఒక కవితలో మామీ ప్రేటర్ అనే ముసలమ్మ ఉంది. ఒకప్పుడు బానిస. ఫోటో దిగేనాటికి ఆమె వయసు 115 ఏళ్లు. ఏదో పుస్తకం తిరగేస్తుంటే ఆ ఫోటో కవి కంటపడింది. కవిత మొత్తం ఒక్క ఊహ మీద నడుస్తుంది: ఈమె కెమెరా కోసం ఆగింది. ఫోటోలు తీసే విద్య పుట్టాలి, అది మెరుగుపడాలి, తన కళ్లలో ఉన్నది చెదరకుండా పడేంత పదును దానికి రావాలి. అంతవరకూ పొలంలో వెట్టిచాకిరీ చేస్తూ, చేతుల్నీ కాళ్లనీ కళ్లనీ కాపాడుకుంటూ ఓపిగ్గా కూర్చుంది. ఎప్పటికో ఒకామె పేజీ తిప్పుతూ తన కళ్లను చూస్తుందని కూడా ఆమెకు తెలుసు.

మామూలుగా మనం ఫోటో తీసేవాడికి కర్తృత్వం ఇస్తాం, దిగేవాళ్లు ఊరికే నిలబడతారనుకుంటాం. బ్రాండ్ దాన్ని తిరగేసింది. ఇక్కడ ఫోటో తీయించుకున్నది ముసలమ్మ, కెమెరా ఆమె పనిముట్టు.

ఆ కవిత ఉన్న సంపుటి 1990లో వచ్చింది. అంతకు ఏడాది ముందు, 1989లో, ఆమె పనిచేసిన మొదటి డాక్యుమెంటరీ విడుదలైంది. అందులో ఐదుగురు పెద్దవయసు నల్లజాతి కెనడా స్త్రీలు తమ జీవితాలు చెబుతారు. అంటే ముసలివాళ్ల ముఖాలను ఎడిటింగ్ టేబుల్ మీద చూస్తున్న రోజులూ, మామీ ప్రేటర్ ముఖాన్ని కవితలో పెట్టిన రోజులూ దాదాపు ఒకటే. కాకతాళీయం అనుకోవడానికి నాకు మనసొప్పదు.

బ్రాండ్ పరిచయ వాక్యం ఎక్కడ చూసినా కామాలే ఉంటాయి. కవి, నవలాకారిణి, వ్యాసకర్త, అధ్యాపకురాలు, డాక్యుమెంటరీ దర్శకురాలు. చివరి మాట మొక్కుబడిగా తగిలించినట్టు ఉంటుంది. లెక్క చూస్తే అది నిజమే అనిపిస్తుంది కూడా. యాభై ఏళ్ల రచనా జీవితంలో ఆమె ముఖ్యంగా పనిచేసిన ఫిల్ములు నాలుగు. అన్నీ 1989 నుంచి 1996 లోపు, అన్నీ ఒకే సంస్థకు. అసలు ఒక కవి సినిమాకు ఎందుకు వెళ్లింది? వెళ్లినామె ఎందుకు ఆగిపోయింది? తర్వాత ఆ కెమెరా ఏమైంది? ఈ మూడూ విడదీసి చూస్తేగానీ ఆమె కవిత్వం కూడా పూర్తిగా అర్థం కాదని నా అభిప్రాయం.

ట్రినిడాడ్‌కు ముందే వచ్చిన కెనడా

బ్రాండ్ 1953 జనవరి 7న ట్రినిడాడ్ దీవి ఆగ్నేయ మూలన గ్వాయాగ్వాయారె అనే ఊళ్లో పుట్టింది. ఒకవైపు సముద్రం, ఒకవైపు చమురు బావుల ప్రాంతం. ఆమె రాసిన ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒకచోట ఆ సముద్రం చప్పుడు వినిపిస్తుంది.

ఆమె తాత గురించి ఒక సంగతి ఉంది. 2001లో వచ్చిన 'ఎ మ్యాప్ టు ది డోర్ ఆఫ్ నో రిటర్న్' అనే వచన పుస్తకం దానితోనే మొదలవుతుంది. మనం ఆఫ్రికాలో ఏ తెగవాళ్లమో నాకు తెలుసని తాత అనేవాడు. 13 ఏళ్ల మనవరాలు ఆ పేరు చెప్పమని పట్టుబట్టింది. ఆయనకు గుర్తు రాలేదు. యోరుబానా? ఇబోనా? అషాంతీనా? మాండింగోనా? ఆమె ఒక్కో పేరూ అందిస్తూ పోయింది, ఆయన కాదంటూ పోయాడు. రోజుల తరబడి అడిగింది. చివరికి ఇద్దరి మధ్యా ఒక ముభావం మిగిలింది. గోత్రం, ఇంటిపేరు, తాతల ఊరు అడక్కుండానే తెలిసే మనలాంటివాళ్లకు ఇది మామూలు మతిమరుపులా కనిపించవచ్చు. కానీ అక్కడ మరిచిపోయింది తాత ఒక్కడే కాదు. ఓడలో గొలుసులతో దాటించినప్పుడే ఆ పేరు తెగిపోయింది. పుస్తకం పేరులో ఉన్న 'తిరిగిరాని గుమ్మం' ఆఫ్రికా పడమటి తీరంలోని బానిసల కోటల్లో ఓడ వైపు తెరుచుకునే ద్వారం.

ఇక కెనడా సంగతి. పేద దీవి నుంచి ధనిక దేశానికి వలస, అంతే కదా అని సాధారణంగా అనుకుంటారు. విషయం అంత సూటిగా లేదు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి బ్రిటిష్‌వాళ్లు భారతదేశం వైపు చూశారు. 1845 మే 30న ఫాతెల్ రజాక్ అనే ఓడ 225 మందితో ట్రినిడాడ్ చేరింది. 1917 దాకా సాగిన ఈ ఒప్పంద కూలీ పద్ధతిలో దాదాపు 1,44,000 మంది అక్కడికి వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కినవాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు, అక్కడ అందరినీ కలిపి 'మద్రాసీ' అనేశారు. ఈ కూలీల మధ్య పనిచేయడానికి 1868లో కెనడా నుంచి జాన్ మోర్టన్ అనే ప్రెస్బిటేరియన్ మిషనరీ వచ్చాడు. ఆ మిషన్ శాన్ ఫెర్నాండో పట్నంలో 1912లో పెట్టిన ఆడపిల్లల బడి నపరీమా గర్ల్స్ హైస్కూల్. బ్రాండ్ చదివింది అక్కడే. అంటే ఆమె కెనడా వెళ్లకముందే కెనడా ఆమె దగ్గరికి బడి రూపంలో వచ్చి ఉంది.

బ్యాంకు రూపంలోనూ వచ్చింది. 1969లో మాంట్రియల్‌లోని సర్ జార్జ్ విలియమ్స్ యూనివర్సిటీలో ఒక లెక్చరర్ జాతి వివక్ష చూపుతున్నాడని కరీబియన్ విద్యార్థులు కంప్యూటర్ సెంటర్‌ను ఆక్రమించారు. అరెస్టులు జరిగాయి. వాళ్లకు మద్దతుగా 1970 ఫిబ్రవరి 26న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగిన ఊరేగింపు రాయల్ బ్యాంక్ ఆఫ్ కెనడా వైపు నడిచింది. అక్కడినుంచి ట్రినిడాడ్ బ్లాక్ పవర్ ఉద్యమం ఊపందుకుంది, ఏప్రిల్‌లో ఎమర్జెన్సీ పెట్టారు. బ్రాండ్ హైస్కూలు ముగించి టొరంటో విమానం ఎక్కింది ఆ ఏడాదే. 17 ఏళ్ల పిల్ల. ఏ దేశపు బ్యాంకు ముందు తన ఊరివాళ్లు నినాదాలు చేశారో ఆ దేశానికే వెళ్లింది.

టొరంటో యూనివర్సిటీలో ఇంగ్లీషు, తత్వశాస్త్రం చదివి 1975లో డిగ్రీ తీసుకుంది. కానీ ఆ ఏళ్ల చదువు ఎక్కువగా క్లాసురూం బయట జరిగింది. నల్లజాతి పిల్లల చదువు కోసం పనిచేసే సంఘాలు, వలస వచ్చిన ఆడవాళ్లకు దారి చూపే కేంద్రాలు, చిన్న పత్రికలు. మొదటి కవితా సంపుటి 1978లో వచ్చింది, మరుసటేడు పిల్లల కవితలు. 1983లో వచ్చిన ఎపిగ్రాముల (చురుక్కుమనే పొట్టి కవితల) పుస్తకం వీటిలో నాకు ఇష్టమైనది. సగం కెనడా చలి మీద విసుర్లు. మిగతా సగం నికరాగువా కవి, మతగురువు ఎర్నెస్తో కార్దెనాల్‌కు జవాబులు. ఆయన కుర్రతనంలో క్లాడియా అనే అమ్మాయిని దెప్పుతూ ఎపిగ్రాములు రాశాడు. బ్రాండ్ క్లాడియా తరఫున వకాల్తా పుచ్చుకుంది. విప్లవం వరకూ ఆయన పక్కనే నిలబడుతుంది, క్లాడియా విషయంలో మాత్రం వదలదు. కవితలో చోటు దక్కింది, మాట దక్కలేదు అనే ఆడమనిషి ఫిర్యాదును ఆమె మొదటిసారి చేతికెత్తుకున్నది అక్కడే.

కెమెరాలు లేని అయిదారు రోజులు

1983లోనే ఆమె గ్రెనడా వెళ్లింది. లక్ష మంది జనాభా ఉన్న చిన్న దీవి. 1979 మార్చి 13న మారిస్ బిషప్ నాయకత్వంలో అక్కడ విప్లవ ప్రభుత్వం ఏర్పడింది. ఇంగ్లీషు మాట్లాడే కరీబియన్‌లో అలాంటిది అదొక్కటే. గ్రామీణాభివృద్ధి కోసం పనిచేసే ఒక సంస్థలో సమాచార అధికారిగా బ్రాండ్ చేరింది. జీవితం మొత్తం అక్కడే గడపాలన్న ఉత్సాహంతో వెళ్లిన తరం అది.

అక్టోబర్ 19న పార్టీలోని అవతలి వర్గం బిషప్‌ను కాల్చి చంపింది. ఆయనతో పాటు చనిపోయినవాళ్లలో విద్యామంత్రిగా పనిచేసిన జాకలిన్ క్రెఫ్ట్ కూడా ఉంది. ఆరు రోజుల తర్వాత, 25న, అమెరికా సైన్యం దిగింది. ఏడువేల మంది అమెరికా సైనికులు పాల్గొన్నారు. ఈ దాడిలో ఒక వివరం మన కథకు ముఖ్యం: మొదటి రోజుల్లో పాత్రికేయులను దీవిలోకి రానివ్వలేదు. వియత్నాం యుద్ధం టీవీల్లో కనబడి చేసిన చేటును అమెరికా సైన్యం మరిచిపోలేదు మరి. బయటి ప్రపంచానికి బొమ్మలు చేరలేదు, చేరినవి సైన్యం ఇచ్చినవి.

దీవిలో చిక్కుకుని, తర్వాత జనాన్ని ఖాళీ చేయించిన విమానంలో బయటపడ్డ కవి దగ్గర కెమెరా లేదు. 1984లో వచ్చిన 'క్రానికల్స్ ఆఫ్ ది హాస్టైల్ సన్' అందుకే వేరేగా ఉంటుంది. అలంకారాలు తగ్గిపోయాయి. కొన్ని కవితల పేర్లు తారీఖులే. డైరీ రాతలాంటి వాక్యాలు. బాంబు విమానాలు ఎటునుంచి వచ్చాయి, ఎవరు మంచం కింద దాక్కున్నారు, రేడియో ఏం చెప్పింది. కవిత్వంగా చూస్తే కొన్నిచోట్ల గరుకు. కానీ అవి కవితలుగా కంటే వాంగ్మూలంగా రాసినవి. ఆ సంపుటి చదివాక, ఆమె డాక్యుమెంటరీ వైపు ఎందుకు నడిచిందన్న ప్రశ్న నాకు సగం తీరిపోయింది. ఎవరూ చిత్రించకపోతే జరిగింది జరగనట్టే అవుతుందని ఆమె ఒంటి మీదుగా నేర్చుకుంది.

ప్రభుత్వం డబ్బుతో ఆడవాళ్ల స్టూడియో

ఇక్కడ కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ గురించి కాస్త చెప్పాలి. 1939లో మొదలైన ప్రభుత్వ సంస్థ. మన ఒకప్పటి ఫిల్మ్స్ డివిజన్‌కు పెద్దక్క అనుకోండి. మనకు ఫిల్మ్స్ డివిజన్ అంటే సినిమాకు ముందు థియేటర్లో వేసే న్యూస్‌రీలు గుర్తొస్తుంది. వాళ్లది అంతకంటే చాలా దూరం వెళ్లింది. 1974లో కాథ్లీన్ షానన్ అనే ఎడిటర్ చొరవతో ఆ బోర్డులో 'స్టూడియో డి' అనే విభాగం పుట్టింది. ఆడవాళ్లే ఆడవాళ్ల గురించి ఫిల్ములు తీసే స్టూడియో, అదీ ప్రభుత్వ ఖర్చుతో. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. పదేళ్లు తిరక్కుండా మూడు ఆస్కార్లు కొట్టింది.

అయితే 'ఆడవాళ్లు' అన్నప్పుడు ఏ ఆడవాళ్లు? 1980ల్లో ఈ ప్రశ్న గట్టిగా వినబడింది. స్టూడియోలో ఉన్నవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. నల్లజాతి, ఆసియా, ఆదివాసీ స్త్రీలు తెర మీద అప్పుడప్పుడు కనిపించేవాళ్లు, కెమెరా వెనక కనిపించేవాళ్లు కాదు. ఒత్తిడి పెరిగి 1990ల మొదట్లో వాళ్ల శిక్షణకు ప్రత్యేక పథకం పెట్టారు. బ్రాండ్ అడుగుపెట్టింది ఆ తలుపు తోసుకుంటున్న రోజుల్లో.

మొదటి ఫిల్ము 'ఓల్డర్, స్ట్రాంగర్, వైజర్'. దర్శకురాలు క్లెయిర్ ప్రియెటో, ఆమె కూడా ట్రినిడాడ్‌లో పుట్టినదే. బ్రాండ్ ఆమెతో కలిసి పనిచేసింది. అరగంటకు మించదు. 1920ల నుంచి 50ల దాకా కెనడా పల్లెల్లో, పట్నాల్లో నల్లజాతి ఆడవాళ్లు ఎలా బతికారో ఐదుగురు చెబుతారు. ఇందులో విశేషమేమిటని అడగొచ్చు. నల్లవాళ్లు కెనడాకు నిన్నమొన్న వచ్చారన్నది అక్కడ చాలామంది నమ్మకం. 1971లో ప్రభుత్వం బహుళ సంస్కృతుల విధానం ప్రకటించాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది, ఏదో కొత్త అతిథుల్ని ఆదరిస్తున్నట్టు. అమెరికా బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల ఊళ్లు ఒంటారియోలో 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. నాలుగు తరాలుగా అక్కడే ఉన్న మనిషిని కూడా 'మీది ఏ దేశం?' అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఐదుగురు పెద్దవాళ్లు నిదానంగా ఇచ్చిన జవాబు ఈ ఫిల్ము.

దీనికి పక్కనే ఇంకో పని నడిచింది. బ్రాండ్ ఆ తరం ఆడవాళ్లను కలిసి, టేపు రికార్డరు పెట్టి, వాళ్ల పని జీవితాల గురించి మాట్లాడించింది. 1991లో 'నో బర్డెన్ టు క్యారీ' పేరుతో అది పుస్తకమైంది. రెండో ప్రపంచ యుద్ధం ముందు వాళ్లలో ఎక్కువమందికి దొరికిన పని ఒక్కటే, తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిమనిషి. యుద్ధం వచ్చి మగవాళ్లు వెళ్లిపోయాక ఫ్యాక్టరీ తలుపులు తెరుచుకున్నాయి. ఇదంతా ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, ఉన్నది వాళ్ల నోట్లోనే. వాళ్లు పోతే అదీ పోతుంది.

ఆ తొందర ఎలాంటిదో 1994లో వచ్చిన వ్యాసాల పుస్తకం 'బ్రెడ్ అవుట్ ఆఫ్ స్టోన్'లో ఆమే చెప్పింది. స్టీన్‌బెక్ ఎడిటింగ్ టేబుల్ మీద ఒక ముసలామె ముఖం. కాస్త అలసిన ముఖం, బతుకు గీసిన ముడతలు, అయినా ప్రశాంతంగా ఉంది. ఈ ఫిల్మును పుస్తకంగా కలగన్నానని, ముఖంగా కలగన్నానని అంటుంది బ్రాండ్. తాను కలగనకపోతే, రాయకపోతే, ఫిల్ములో పెట్టకపోతే ఆ ముఖం వెలిసిపోతుందంటుంది. రేపు తాను కాబోయే ముఖం అదే కదా అనుకుంటుంది. నా మటుకు నాకు ఆమె సినీ జీవితానికి ఇంతకంటే మంచి వివరణ దొరకలేదు. ఒకే కల, మూడు రకాల పాత్రలు. పుస్తకం, కవిత, ఫిల్ము. ఏది చేతికందితే అందులో పోసింది.

1991లో జినీ స్టైక్‌మన్‌తో కలిసి 'సిస్టర్స్ ఇన్ ద స్ట్రగుల్' తీసింది. ఈసారి ముసలివాళ్లు కాదు. రాజకీయాల్లో, కార్మిక సంఘాల్లో, స్త్రీవాద సంఘాల్లో పనిచేస్తున్న ఆ తరం నల్లజాతి ఆడవాళ్లు. నల్లవాళ్ల ఉద్యమంలో మగవాళ్ల పెత్తనం, స్త్రీవాద ఉద్యమంలో తెల్లవాళ్ల పెత్తనం, రెంటి మధ్యా తమ చోటెక్కడ అన్నది చర్చ. 1993లో 'లాంగ్ టైమ్ కమింగ్' పూర్తిగా ఆమె దర్శకత్వంలో వచ్చింది. చిత్రకారిణి గ్రేస్ చానర్, గాయని ఫెయిత్ నోలన్. ఇద్దరూ నల్లజాతివాళ్లు, ఇద్దరూ లెస్బియన్లు, ఇద్దరికీ కళ వేరు, ఉద్యమం వేరు కాదు. ఈ మూడింటినీ కలిపి 'విమెన్ ఎట్ ద వెల్' అన్నారు. బావి దగ్గరి ఆడవాళ్లు. పేరు వినగానే మనకు బొమ్మ కళ్లకు కడుతుంది, విడమర్చనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ ఫిల్ములు చూసినవాళ్లు కొందరు నిరాశపడతారు. ఇంత గొప్ప కవి తీసిన సినిమా ఇంత మామూలుగా ఉందేమిటని. కూర్చున్న మనిషి, మాట్లాడే ముఖం, మధ్యలో పాత ఫోటోలు, వీధి దృశ్యాలు. ఆమె కవిత్వంలో వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పట్టుకోవడం కష్టం. ఫిల్ములో మాత్రం అంతా సూటి.

ఇది చేతకానితనం కాదనుకుంటాను. కవితలో మాట్లాడేది తానే, కాబట్టి తన మాటను ఎంతయినా మెలితిప్పుకోవచ్చు. ఫిల్ములో మాట్లాడేది వేరే వాళ్లు. డెబ్బై ఏళ్లుగా ఎవరూ అడగని మనిషిని మొదటిసారి అడిగి, ఆమె మాట మీద మన విద్య ప్రదర్శిస్తే అది మర్యాద కాదు. పక్కకు తప్పుకోవడమే అక్కడ దర్శకత్వం. పైగా ఆ ఫిల్ములు చిత్రోత్సవాల కోసం తీసినవి కావు. బడుల్లో, యూనియన్ హాళ్లలో, ఆడవాళ్ల మీటింగుల్లో వేసి ఆ తర్వాత మాట్లాడుకోవడానికి తీసినవి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. 'సిస్టర్స్'లో కొన్నిచోట్ల చర్చ ఉపన్యాసం అయిపోతుంది. మొదటి ఫిల్ములోని ముసలివాళ్ల మాట్లో ఉన్న జీవం అందులో అన్నిచోట్లా లేదు.

ఏ భాషా తటస్థం కాదు

మామీ ప్రేటర్ కవిత ఉన్న 1990 సంపుటి పేరు 'నో లాంగ్వేజ్ ఈజ్ న్యూట్రల్', ఏ భాషా తటస్థం కాదు అని. ఈ మాట బ్రాండ్‌ది కాదు. సెయింట్ లూసియా కవి డెరెక్ వాల్కాట్ 1984లో రాసిన పంక్తి. ఆయన భావం ఇది: ఇంగ్లీషు ఒక పెద్ద పచ్చని ఓక్ చెట్టు, గుసగుసలాడే ఒక చర్చి. కొందరు దాని కింద అలిగారు, కొందరికి శాంతి దొరికింది, కానీ అందరూ కలిసి దాని నీడను పెంచినవాళ్లే. పెద్దమనిషి మాట, రాజీ మాట.

బ్రాండ్ ఆ పంక్తిని తీసుకుని తన ఊరి బీచికి లాక్కొచ్చింది. ఆమె కవితలో చెట్టు లేదు, నీడ లేదు. గొలుసుల మోత, రాగి గంట చప్పుడు, కొరడా గాలిలో చేసే చప్పుడు, వీటితో ఈ యాసకు వ్యాకరణం తయారైందంటుంది. మాటల్లో చెప్పి ఊరుకోలేదు, ఆ యాసలోనే చెప్పింది. వాక్యం బడి ఇంగ్లీషులో మొదలై మధ్యలో ట్రినిడాడ్ వీధిలోకి దిగి, మళ్లీ పైకొస్తుంది. ఎక్కడ మారిందో అతుకు కనబడదు. కెనడా మిషన్ బడిలో దిద్దిన భాషా, నాయనమ్మల భాషా ఒకే ఊపిరిలో. ఇది ఎడిటింగ్ టేబుల్ దగ్గర నేర్చిన విద్య కూడా అనిపిస్తుంది నాకు, రెండు గొంతుల్ని పక్కపక్కన పెడితే మధ్యలో ఎవరూ వ్యాఖ్యానం చెప్పనక్కర్లేదని. సంపుటి చివరి భాగంలో ఒక స్త్రీ మరో స్త్రీని ప్రేమించిన కవితలున్నాయి. కరీబియన్ కవిత్వంలో అంత బాహాటంగా ఆ మాట అనడం అప్పటికి అరుదు.

నాలుగో ఫిల్ము 1996లోది. అమెరికా కవి ఏడ్రియన్ రిచ్‌తో బ్రాండ్ సంభాషణ, మధ్యమధ్య ఇద్దరి కవితా పఠనం. రిచ్ అప్పటికి అరవై దాటిన ప్రసిద్ధ కవి, యూదు మూలాలున్న తెల్లజాతి స్త్రీ, బ్రాండ్‌లాగే లెస్బియన్, బ్రాండ్‌లాగే వామపక్షం. ఇన్ని కలిసినా ఇద్దరికీ దేశం అనే మాట దగ్గర తేడా ఉంది. రిచ్ తన దేశంతో పోట్లాడుతుంది, అది తనదే కాబట్టి, దాని తప్పులకు తానూ జవాబుదారీ కాబట్టి. బ్రాండ్‌కు పోట్లాడటానికి కూడా దేశం అక్కర్లేదు. మరుసటేడు వచ్చిన 'ల్యాండ్ టు లైట్ ఆన్'లో ఒక బూతుమాట కలిపి మరీ చెప్పింది: ఇక్కడిదీ వద్దు, అక్కడిదీ వద్దు, నాకే దేశమూ వద్దు. ఆ పుస్తకానికే కెనడా ప్రభుత్వ అత్యున్నత సాహిత్య బహుమతి, గవర్నర్ జనరల్ అవార్డు వచ్చింది. దేశం వద్దన్న కవితకు దేశం బహుమతి ఇవ్వడం చూసి ఆమె నవ్వుకుందో లేదో గానీ నాకైతే నవ్వొచ్చింది.

అదే 1996లో స్టూడియో డి మూతపడింది. ప్రభుత్వ ఖర్చుల కోతలో పోయింది. బ్రాండ్ దర్శకత్వం కూడా దాదాపు అక్కడితో ఆగింది. కవికి కాగితం చాలు. డాక్యుమెంటరీకి కెమెరామన్, ఎడిటర్, ప్రయోగశాల, పంపిణీ కావాలి, అన్నిటికీ మించి ఎవరో ఒకరి జేబు కావాలి. 'సినిమా వదిలేసి సాహిత్యానికి తిరిగొచ్చింది' అని రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు. వదిలేసింది ఆమె అయినా కాకపోయినా, తలుపు మూసింది బడ్జెట్.

కవితలోకి వచ్చిన కెమెరా

తర్వాతి కవితల్ని ఈ వెలుగులో చదివితే కొత్తగా కనిపిస్తాయి. 1979 ఆగస్టులో టొరంటో పోలీసులు ఆల్బర్ట్ జాన్సన్ అనే జమైకా వలసజీవిని అతని ఇంట్లోనే కాల్చి చంపారు. నగరంలోని నల్లజాతి జనం రోడ్ల మీదికొచ్చారు. 2002లో వచ్చిన 'థర్స్టీ'కి ఆ ఘటన ఆధారం. ఇంటర్వ్యూలకు బదులు అక్కడ చనిపోయినవాడి భార్య, తల్లి, కూతురు ఉంటారు, ఒక్కొక్కరి మీదికీ కవిత మెల్లగా జరుగుతుంది. మధ్యలో నగరం, దాని బస్సులు, దాని దాహం. డాక్యుమెంటరీగా తీయదగ్గ విషయాన్ని ఇరవై ఏళ్లు ఆగి కవితగా తీసింది.

2006 నాటి 'ఇన్వెంటరీ'లో స్థానాలు తారుమారయ్యాయి. ఇప్పుడు స్త్రీ కెమెరా వెనక లేదు, టీవీ ముందు ఉంది. ఇరాక్ యుద్ధకాలం. రాత్రులు నిద్రపోకుండా వార్తలు చూస్తూ చచ్చిపోయినవాళ్ల లెక్క రాసుకుంటుంది. మార్కెట్లో ఇంతమంది, చెక్‌పోస్టు దగ్గర ఇంతమంది, పెళ్లిలో ఇంతమంది. 1983లో గ్రెనడాలో బొమ్మలే లేవు. ఇరవై ఏళ్ల తర్వాత బొమ్మలకు కొదవలేదు, కానీ వాటిలో ఎవరి ముఖమూ నిలవదు. మామీ ప్రేటర్ ఒక్క ఫోటో కోసం 115 ఏళ్లు ఆగితే, ఇక్కడ వందల మంది అర నిమిషంలో తెర మీంచి జారిపోతారు. ఆ స్త్రీ చేయగలిగింది అంకెలు వేయడం. ఆ జాబితా చదవడం విసుగ్గా ఉంటుంది. ఉండాలనే రాసింది.

'ఆసువరీస్' 2010లో వచ్చింది, మరుసటేడు గ్రిఫిన్ కవితా బహుమతి తెచ్చింది. బ్యాంకు దోపిడీలో పాల్గొని ఏళ్ల తరబడి అజ్ఞాతంలో బతికే యాస్మీన్ అనే విప్లవకారిణి కథ, మూడేసి పంక్తుల్లో, ఎక్కడా ఫుల్‌స్టాప్ లేని పరుగులా. పాతికేళ్లు ముఖాలు చూపించడానికి పోరాడిన కవి ఇక్కడ ముఖం దాచుకోవడమే బతుకైన మనిషి వెంట నడుస్తుంది.

మిగతాది త్వరగా చెప్పొచ్చు. ఐదు నవలలు. టొరంటో నగర ఆస్థాన కవి పదవి 2009 నుంచి 2012 వరకు. గ్వెల్ఫ్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు. 2017లో ఆర్డర్ ఆఫ్ కెనడా. 2021లో విండమ్-క్యాంబెల్ బహుమతి. ఏ దేశమూ వద్దన్నామెకు ఇవన్నీ ఎలా సరిపోతాయన్న విమర్శ అప్పుడప్పుడు వినబడుతుంది. బహుమతి తీసుకున్నాక రాత మెత్తబడితే ఆ విమర్శకు విలువ ఉండేది, మెత్తబడలేదు.

ఒక్క పుస్తకం దగ్గర మాత్రం ఆగాలి. 2018లో వచ్చిన 'ది బ్లూ క్లర్క్'. ఒక రేవులో నీలి దుస్తుల గుమాస్తా ఉంటుంది. ఆమె పని, కవి రాయకుండా వదిలేసిన కాగితాల మూటలకు కాపలా కాయడం. అచ్చయినవి పుస్తకంలో కుడిచేతి పేజీలు. రాయనివి, రాసి కొట్టేసినవి, చెప్పలేకపోయినవి ఎడమచేతి పేజీలు. కవీ గుమాస్తా వాదించుకుంటూనే ఉంటారు, మూటలు పెరుగుతూనే ఉంటాయి. ఎడిటింగ్ గదిలో గంటల కొద్దీ ఫుటేజీ కోసి అరగంట ఫిల్ము మిగిల్చిన మనిషికే తట్టే ఊహ ఇది. కోసేసిన ముక్కల్లో ఏ ముసలమ్మ ఏ మాట ఉండిపోయిందో ఎడిట్ చేసినవాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది.

ఆమెను కొత్తగా చదవాలనుకునేవాళ్లకు నేను నవలలతో మొదలుపెట్టమనను. మామీ ప్రేటర్ కవిత వెతుక్కుని, రెండుసార్లు, వీలైతే పైకి చదవండి. తర్వాత 'ఓల్డర్, స్ట్రాంగర్, వైజర్' చూడండి. ఒకామె మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగితే, తొందరపెట్టకుండా ఎదురుగా కూర్చున్నవాళ్లను కూడా గమనించండి. వాళ్లు తెర మీద కనిపించరు.